యలమంచిలిలో పదిన్నర బ్యాచ్

‘చెప్పులు, ఫోనులు, ఇంటి గొడవలు... మూడూ బయటే పెట్టి రండమ్మా!’

మెట్లెక్కి తలుపు దగ్గరికి చేరేసరికి లోపల్నుంచి వినిపించిన మొదటి మాట ఇది. చెప్పులు విప్పాను. ఫోను సంచిలో పడేశాను. మూడోది మాత్రం నాతోపాటే లోపలికొచ్చేసింది.

అది గొడవ కాదు, ఓ కాగితం. కిందటి నెల చేయించుకున్న రక్తపరీక్ష రిపోర్టు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకొచ్చిన అంకె 6.1. అది 5.7 లోపు ఉంటే ఏ బెంగా లేదు. 6.5 తాకితే మధుమేహం. ఈ రెంటి మధ్యా ఉన్నవాళ్లు గట్టుమీద నిలబడ్డట్టు. అటైనా పడొచ్చు, ఇటైనా రావొచ్చు. నాకు ముప్ఫై ఆరేళ్లు. మా అమ్మకు ఈ జబ్బు బయటపడింది నలభై రెండో ఏట.

‘రోజూ నడవాలమ్మా’ అన్నారు డాక్టరుగారు అప్పట్లో. అమ్మ నడవలేదు. బద్ధకించి కాదు. ‘పనేం లేకుండా రోడ్డుమీద ఒక్కదాన్నే ఎలా నడవనే? ఎదురైన ప్రతివాళ్లూ ఎక్కడికీ అని అడుగుతారు. ఏమని చెప్పను?’ అనేది. చివరికి డాబామీద నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా పద్నాలుగు అడుగులు... మళ్లీ వెనక్కి పద్నాలుగు. కొన్నాళ్లకు మోకాళ్లు మొరాయించాయి. అదీ ఆగిపోయింది. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ పద్నాలుగు అడుగులు మాత్రం నాకింకా గుర్తే.

అందుకే, చిన్న ఊళ్లలో ఆడవాళ్ల జిమ్‌లు ఎలా నడుస్తున్నాయో చూసి రాయమని ఆఫీసులో అనగానే ‘నేనెళ్తా’నని ముందే చెప్పేశాను. చూడ్డానికి కాదు, చేయడానికి. మూడు రోజులు, పదిన్నర బ్యాచ్, యలమంచిలి!

బెల్లం వాసన దాటాక...

విశాఖ ద్వారకా బస్‌స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ చేతిలో పెట్టాడు. 2025 ఆగస్టు 15న మొదలైన ‘స్త్రీశక్తి’ పుణ్యమా అని రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఈ సున్నా టికెట్‌కీ, నేను వెళ్తున్న జిమ్‌కీ ఓ చుట్టరికం ఉందని అప్పటికి నాకు తెలీదు.

గాజువాక రద్దీ దాటి, లంకెలపాలెం దాటి, అనకాపల్లి చేరేసరికి గాలిలో మార్పు. మార్గశిర మాసం... చెరకు గానుగాడే రోజులు. బెల్లం మార్కెట్‌కు దేశమంతా పేరున్న ఊరు కదా! తీపి గుర్తొచ్చి సంచిలోని కాగితాన్ని తడుముకున్నాను. కశింకోట వెనక్కి వెళ్లింది. మంచు తెరలోంచి కొబ్బరిచెట్లు, కోతలైన వరిమళ్లు, అక్కడక్కడా గడ్డికుప్పలు. అరవై కిలోమీటర్లు అటూఇటూ ప్రయాణం ముగిసేసరికి యలమంచిలి.

ఇటు జాతీయ రహదారి, అటు హౌరా-చెన్నై రైలు మార్గం... రెండింటినీ పక్కనే పెట్టుకున్న ఊరు. ఒకప్పుడు యలమంచిలి చాళుక్యులు ఏలిన గడ్డ. ఇప్పుడు మున్సిపాలిటీ. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా విడిపోయినప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చుట్టుపక్కల పల్లెలకు సంత, బ్యాంకు, ఆసుపత్రి, పెళ్లిబట్టలు... అన్నీ ఇక్కడే. ఇప్పుడు ఆ జాబితాలో జిమ్ కూడా చేరింది.

అలాగని పెద్ద బోర్డు, రంగుల లైట్లు ఊహించుకోకండి. మెయిన్‌రోడ్డు నుంచి పక్క సందులోకి తిరిగితే కింద కొట్లు, పైన ఒక హాలు. కిటికీలకు మందపాటి కర్టెన్లు. తలుపుమీద ‘మహిళలకు మాత్రమే’ అని చేత్తో రాసిన అట్ట. ‘పేపర్లో పేర్లు వద్దమ్మా, ఫొటోలు అసలే వద్దు. ఇంట్లో తెలీకుండా వచ్చేవాళ్లు కూడా ఉన్నారు’ అని ముందే మాట తీసుకున్నారు. అందుకే ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. జిమ్ పేరు కూడా.

పుస్తెలతాడుకు పిన్నీసు

లోపల ఓ గోడంతా అద్దం. దాని ఎదుటి గోడకు వరసగా మేకులు. ఆ మేకులకు చున్నీలు. ఎర్రవి, పచ్చవి, చమ్కీవి... రాగానే ఒక్కొక్కరూ చున్నీ తీసి మేక్కి తగిలించి, పుస్తెలతాడు గెంతినప్పుడు ఎగరకుండా పిన్నీసుతో లోపలికి గుచ్చుకుంటున్నారు. ఆ పిన్నీసు పెట్టుకున్నాక మనిషి నడకే మారిపోతోంది!

నేర్పే ఆమెను అందరూ ‘మేడమ్’ అంటారు. స్కూల్లో కబడ్డీ ఆడిన మనిషి. విశాఖలో శిక్షణ తీసుకుని వచ్చి పెట్టానన్నారు. నన్ను చూడగానే ఓ నోటుబుక్ తీశారు. వయసు, బరువు రాసుకున్నాక వరసగా ప్రశ్నలు. ‘సిజేరియనా? మామూలు కాన్పా? బీపీ మాత్రలున్నాయా? మోకాళ్లు? ఛాతీలో ఎప్పుడైనా నొప్పి?’ చక్కెర సంగతి చెప్పగానే కలం ఆగింది. ‘మందులు మొదలెట్టారేటి?’ లేదన్నాను. ‘మందులు వాడేవాళ్లయితే ఉత్త కడుపుతో గెంతనివ్వనమ్మా. కళ్లు తిరిగి పడిపోతారు’ అన్నారు. ఇదివరకు విశాఖలో ఓ పెద్ద జిమ్‌లో ఏడాది రుసుం ఒకేసారి కట్టి సరిగ్గా తొమ్మిది రోజులు వెళ్లిన ఘనత నాది. అక్కడ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే... ‘క్యాషా, కార్డా?’

బ్యాచ్‌లు మూడు. తెల్లవారుజామున ఉద్యోగస్తులకు, సాయంత్రం కాలేజీ అమ్మాయిలకు. మధ్యలో పదిన్నర బ్యాచ్. పిల్లల్ని బడికి పంపి, మొగుడికి క్యారేజీ కట్టి, పొయ్యి తుడిచి వచ్చేవాళ్లది. ఆ రోజు లెక్కపెట్టాను, పంతొమ్మిది మంది. ఒకావిడ టిఫిన్ సెంటర్లో పొద్దున్నే ఇడ్లీలు వేసి వస్తుంది. ఒకామె రిటైరైన టీచరు. ఇంకొకమ్మాయి అచ్యుతాపురం వైపు బట్టలు కుట్టే కంపెనీలో రెండో షిఫ్టు. రాంబిల్లి, ఎస్.రాయవరం వైపు పల్లెల నుంచి నలుగురు. వాళ్లు వచ్చేది సున్నా టికెట్‌తోనే. ‘జిమ్ముకి నెలకి ఎంతో కొంత కట్టేద్దుం గానీ, రానూపోనూ బస్సుకి అంతకంతా అయ్యేది. ఇప్పుడు అది మిగిలింది’ అంది వాళ్లలో పెద్దామె. చుట్టరికం ఇదన్నమాట!

ఐదు... ఆరు... ఏడు... ఎనిమిది!

పాట మొదలైంది. సినిమా పాటే. మొదటి పది నిమిషాలు ఒళ్లు వెచ్చబడేందుకు. భుజాలు తిప్పడం, నిలబడ్డచోటే నడవడం. ‘ఓస్, ఇంతేనా’ అనుకున్నాను. తర్వాత మెట్ల పలకలు ముందుకొచ్చాయి. కుడికాలు పైకి, ఎడమకాలు పైకి, కుడి కిందికి, ఎడమ కిందికి. మేడమ్ ఎనిమిది అంకెలు లెక్కపెడుతుంటే పంతొమ్మిది జతల కాళ్లు ఒక్కసారే పడుతున్నాయి. ఇరవయ్యో జత మాత్రం అందరూ దిగినప్పుడు ఎక్కుతోంది. అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వాపుకోలేకపోయాను.

పన్నెండో నిమిషానికి ఆ నవ్వుకి కూడా ఊపిరి చాల్లేదు. గోడ పట్టుకుని నిలబడిపోయాను. నా ముందు వరసలో ఉన్నది రిటైరైన టీచరుగారు. అరవై దాటిన ఆవిడ చెమట తుడుచుకుంటూ ఎక్కుతూనే ఉన్నారు. వెనక్కి చూడకుండానే ‘ఆగకండమ్మా. గెంతలేకపోతే నిల్చునే నడవండి. ఆగితే గుండె అదురుతుంది’ అన్నారు.

మేడమ్ దగ్గరికొచ్చి పెట్టిన పరీక్ష ఇంకా బాగుంది. ‘మీ పేరు, ఊరు చెప్పండి’ అన్నారు. రొప్పుతూ చెప్పాను. ‘ఇప్పుడు పాట పాడండి’ అన్నారు. నా వల్ల కాలేదు. ‘సరిపోయింది! మాట రావాలి, పాట రాకూడదు. అదీ లెక్క’ అన్నారు. వైద్యులు మధ్యస్థ వ్యాయామానికి చెప్పే కొలత కూడా సరిగ్గా ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు ఇలాంటి వ్యాయామం వారానికి 150 నుంచి 300 నిమిషాలు కావాలి. అది కాక కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. మనం అందులో ఎక్కడున్నాం? లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో వేసిన లెక్క ప్రకారం మన దేశంలో చాలినంత ఒళ్లు వంచని మగవాళ్లు 42 శాతం. ఆడవాళ్లు 57 శాతం!

ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే ఆడవాళ్లు ఒళ్లు వంచకపోవడమేంటని నాకూ అనిపించింది. కంపెనీ అమ్మాయి చెప్పిన జవాబు ఇది. ‘మా అమ్మ నాట్లేసింది, కోతకెళ్లింది. నేను కుర్చీలో కూకుని కుడతాను. ఇద్దరికీ నడుంనొప్పే. ఆవిడది వంగి, నాది వంగక!’ చాకిరీ వేరు, వ్యాయామం వేరు. చాకిరీలో ఒకే కండరం అరుగుతుంది. ఇంకొకటి ఊరికే ఉంటుంది. గుండె వేగం పెరిగేంత సేపు మనల్ని ఎవరూ కదలనివ్వరు. కుక్కరు కూత పెడుతుంది!

తాలింఖానాలో మనకు చోటేదీ?

తర్వాత డంబెల్స్. కేజీవి, రెండు కేజీలవి. ‘కండలొస్తాయేమో మేడమ్’ అని వెనక నుంచి ఓ కొత్త కోడలు. రావని, వచ్చినా నష్టం లేదని మేడమ్. ముప్ఫై దాటాక పదేళ్లకోసారి కండరం మూడు నుంచి ఎనిమిది శాతం దాకా తరిగిపోతుందన్నది వైద్యుల మాట. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరమే. అది తరిగితే చక్కెర పోయే దారి ఇరుకవుతుంది. నా 6.1కీ ఈ రెండు కేజీలకూ ఉన్న సంబంధం అప్పుడర్థమైంది.

ఉత్తరాంధ్రకు బలం కొత్త కాదు. ‘కలియుగ భీముడు’ కోడి రామమూర్తినాయుడుది వీరఘట్టం. విజయనగరంలో వ్యాయామశాల పెట్టి ఎందరినో తయారుచేశారు. మన ఊళ్లలో తాలింఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు, కర్రసాము... అన్నీ మగపిల్లలకే. ఆ గడప ఆడపిల్ల తొక్కలేదు. చివరికి ఆ లోటు తీర్చింది కూడా ఈ మట్టి మనిషే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 110, 130... మొత్తం 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారత మహిళ. ఈ హాల్లో మేము తీస్తున్న స్క్వాట్స్ ఏంటో తెలుసా? తాలింఖానా బస్కీలే! పేరు మారి, వందేళ్ల తర్వాత, మేడమెట్లెక్కి మన దగ్గరికొచ్చాయి.

పాటకు గెంతడమూ అంతే. అమెరికా వైమానికదళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో రాసిన పుస్తకంతో ఏరోబిక్స్ అన్న మాట ప్రచారంలోకొచ్చింది. 1990లలో కొలంబియాలో అల్బెర్టో పెరెజ్ అనే శిక్షకుడు క్లాసుకి మామూలు టేపు మర్చిపోయి, సంచిలో ఉన్న సాల్సా పాటలు పెట్టి గెంతించాడు. అదే జుంబా. మనకేం తక్కువ? ఊళ్లో నాట్లకు పాట, రోకటికి పాట. అరకులో చేతులు పట్టుకుని థింసా. గుడి దగ్గర కోలాటం. నలుగురితో కలిసి ఒకే తాళానికి అడుగేస్తే అలుపు తెలీదని మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పడవ పోటీల కుర్రాళ్లమీద పరీక్షచేసి 2009లో తేల్చింది కూడా ఇదే. ఒంటరిగా తెడ్డు వేసినప్పటి కన్నా జట్టుగా వేసినప్పుడు నొప్పిని ఎక్కువ ఓర్చుకున్నారట!

దిగలేక దిగిన రోజు

రెండోరోజు ఉదయం మంచం దిగడమే ఓ సాహసం. తొడలు నావి కావు. బస్సు మెట్లు దిగుతుంటే కండక్టరే ‘మెల్లిగా అమ్మా’ అన్నాడు, ఏ మోకాళ్ల జబ్బో అనుకుని.

ఆ రోజు క్లాసులో గెంతే పాట రాగానే నలుగురు పక్కకు తప్పుకుని నిలబడ్డచోటే అడుగులేయడం చూశాను. అలిసిపోయారేమో అనుకున్నాను. తర్వాత చాపలమీద పడుకున్నప్పుడు టిఫిన్ సెంటరావిడ చెవిలో చెప్పింది. కాన్పుల తర్వాత గెంతినా, గట్టిగా తుమ్మినా మూత్రం చుక్క జారుతుందట. పదకొండేళ్లుగా! మొగుడికి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు. ఇక్కడ మేడమ్ ‘ఎవరికి?’ అని అడిగితే నలుగురు చేతులెత్తారట. ‘నాకొక్కదానికే అనుకున్నానమ్మా ఇన్నాళ్లూ’ అంటుంటే ఆవిడ కళ్లలో నీళ్లు.

కటి కండరాలు బలహీనపడితే వచ్చే ఇబ్బంది ఇది. వాటిని బిగించి వదిలే వ్యాయామాన్ని ఆర్నాల్డ్ కెగెల్ అనే వైద్యుడు 1948లోనే రాశాడు. పైసా ఖర్చు లేదు, కూర్చున్నచోటే చేయొచ్చు. తగ్గకపోతే డాక్టరును కలవాలి. కానీ ఇంత చిన్న మాట పదకొండేళ్లు ఒక మనిషికి చేరలేదు. ఈ కర్టెన్ల వెనక, మగవాళ్లు లేని ఈ హాల్లో చేరింది. ‘ఆడవాళ్లకు విడిగా జిమ్ ఎందుకు’ అని అడిగేవాళ్లకు నా దగ్గరున్న జవాబు ఇదే.

మధ్యాహ్నం కుంటుకుంటూ ఏటికొప్పాక వెళ్లాను. వరాహ నది ఒడ్డున, యలమంచిలికి దగ్గర్లోనే. అంకుడు కర్రను తిప్పుతూ లక్క అద్దుతుంటే రాపిడి వేడికే రంగు కరిగి బొమ్మకు పట్టేస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్ర శకటంమీద ఊరేగిందీ ఈ బొమ్మలే. కొట్లో నా చెయ్యి ముందుగా లక్కపిడతల మీదికి వెళ్లింది. చిన్నప్పుడు అమ్మ కొనిచ్చినవి అవే. చిట్టి పొయ్యి, చిట్టి కడవ, చిట్టి తిరగలి... ఆడపిల్లకు ఆటలో కూడా వంటే! ఈసారి మా అమ్మాయికి బొంగరం కొన్నాను.

గురువారం ఆరుగురే

మూడోరోజు హాలు బోసిపోయింది. ఆరుగురే. మార్గశిర గురువారం, ఇళ్లలో మహాలక్ష్మి పూజలు. ‘పండగొస్తే ముందు ఆగిపోయేది ఇదే. చుట్టాలొచ్చినా ఇదే, పిల్లాడికి జ్వరమొచ్చినా ఇదే. డబ్బు కట్టాలి కదా అని మొగుడు గుర్తుచేసినా ఇదే’ అన్నారు మేడమ్ నవ్వుతూనే. ఆమె నోటుబుక్‌లో చివరి పేజీలన్నీ మధ్యలో మానేసినవాళ్ల పేర్లే. అద్దె కట్టాలంటే కనీసం ఇంతమంది ఉండాలని ఓ లెక్క. వేసవి సెలవుల్లో ఆ లెక్క తప్పుతుందట.

ఇంకా కొరతలున్నాయి. అందరికీ ఒకటే పాట, ఒకటే వేగం కాబట్టి మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సిందే. కూలికి వెళ్లేవాళ్లు, ఆ నెలరుసుం కూడా మిగలనివాళ్లు ఈ మెట్లెక్కరు. అన్నిటికన్నా అరుదైన వస్తువు తీరిక. గంటసేపు ‘నేను లేను’ అని ఇంట్లో చెప్పగలగడం.

దానికీ ఇక్కడ ఓ ఉపాయముంది. రానివాళ్లకు పక్కవరసవాళ్లు ఫోన్ చేస్తారు. మేడమ్ చేయరు, తోటివాళ్లే. పల్లెల నుంచి వచ్చే నలుగుర్లో ఒకరు కదిలితే మిగతా ముగ్గురూ కదలాల్సిందే. ఎదురైనవాళ్లు ‘ఎక్కడికీ?’ అనడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గరో మాట ఉంది. ‘క్లాసుకి!’ ఆ ఒక్క మాట మా అమ్మ దగ్గర లేకపోయింది.

వెళ్లొస్తానంటుంటే టీచరుగారు అడిగారు. ‘మీ విశాఖలో ఇలాంటివి లేవేటమ్మా, ఇంత దూరం వచ్చారు?’

ఉన్నాయి. మా ఇంటికి రెండు వీధుల అవతలే ఒకటుంది. రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకెళ్తాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. ‘మరైతే సోమవారం ఎల్లండి. నాను ఫోన్ చేస్తాను’ అన్నారు.

మర్యాదకి అన్నారనుకున్నాను. సోమవారం పొద్దున్న ఆరింటికి ఫోన్ మోగింది. తీయగానే పలకరింపు కూడా లేదు.

‘లేచారా? చున్నీ పిన్నీసు మర్చిపోకండి!’